ప్రచువాప్ ఖిరి ఖన్: హువా హిన్‌లో ఆగిపోవాలా, ఇంకా కిందికి వెళ్లాలా?

కాకినాడ కెరటం
ఫిబ్రవరిలో థాయ్‌లాండ్ వెళ్దామనుకుంటున్నాం. నేను, మా ఆయన, మూడో తరగతి చదివే పాప, అత్తయ్య, మావయ్య. అడిగినవాళ్లందరూ పట్టాయా, ఫుకెట్ అంటున్నారు. పెద్దవాళ్లను పెట్టుకుని ఆ హడావిడి నాకు వద్దు. సముద్రం దగ్గరుండాలి, పొద్దున బయల్దేరి సాయంత్రానికి గదికి వచ్చేయగలిగే చోట్లు నాలుగైదు ఉండాలి, రాత్రి పెందలాడే పడుకునే ఊరై ఉండాలి. హువా హిన్ బాగుంటుందని ఒకరు చెప్పారు. మ్యాప్‌లో చూస్తే అది ప్రచువాప్ ఖిరి ఖన్ అనే ప్రావిన్స్‌లో పైకొస. కింద ఇంకా బోలెడంత తీరం ఉంది. అటువైపు ఎవరైనా వెళ్లారా? అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు. మావయ్య పూర్తి శాకాహారి, గుడ్డు కూడా ముట్టుకోరు.

బ్యాంకాక్ తెలుగు
చాలా మంచి చోటు ఎంచుకున్నారండి. నేను ఉద్యోగరీత్యా బ్యాంకాక్‌లో ఉంటాను. సెలవు దొరికితే ముందు గుర్తొచ్చేది ఆ ప్రావిన్సే.

ముందు దాని రూపం తెలిస్తే ప్లాన్ వేసుకోవడం తేలిక. థాయ్‌లాండ్‌లో భూమి బాగా సన్నబడే చోట్లలో ఇదొకటి. ప్రచువాప్ పట్టణానికి దక్షిణంగా ఒకచోట సముద్రానికీ మయన్మార్ సరిహద్దుకూ మధ్య సుమారు 11 కిలోమీటర్లే. పడమర అంతా టెనాసెరిమ్ కొండలు, తూర్పు అంతా థాయ్‌లాండ్ సింధుశాఖ, మధ్యలో ఒక హైవే, ఒక రైలు మార్గం. కాబట్టి దారి తప్పే ప్రశ్నే లేదు, చూడాల్సినవన్నీ ఆ రైలు పట్టాలకు అటో ఇటో ఉంటాయి. వరుస ఇలా గుర్తుపెట్టుకోండి: హువా హిన్, ప్రాన్‌బురి, సామ్ రోయ్ యోట్, కుయ్ బురి, ప్రచువాప్ పట్టణం, తాప్ సకే, బాన్ క్రూట్, బాంగ్ సఫాన్.

నా మాట వింటే ఒక రాత్రి హువా హిన్‌లో ఉండి, మిగతావన్నీ ప్రచువాప్ పట్టణంలో ఉండండి. మీరు అడిగిన పెందలాడే పడుకునే ఊరు అదే.

ఖమ్మం కోడలు
నేను ఒప్పుకోను అన్నా. చిన్నపిల్ల, మోకాళ్ల నొప్పి ఉన్న పెద్దావిడ, శాకాహారి మావగారు. ఈ ముగ్గురికీ హువా హిన్ సుఖం. ఇండియన్ హోటళ్లున్నాయి, పెద్ద ఆస్పత్రులున్నాయి, పెద్ద షాపులున్నాయి, అడిగిన వెంటనే కారు దొరుకుతుంది. సామ్ రోయ్ యోట్ జాతీయ వనం అక్కడి నుంచి గంట ప్రయాణమే. ప్రచువాప్ పట్టణంలో మన భోజనం దొరకదు, ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు కూడా తక్కువ. చెల్లీ, మావగారు రెండో రోజే నీరసపడిపోతే ఏం చేస్తావు?

రైలు ప్రేమి
ఎక్కడ ఉన్నా సరే, వెళ్లడం మాత్రం రైల్లోనే వెళ్లండి. ఈ దక్షిణ మార్గం 1911లోనే హువా హిన్ చేరింది. అంతకుముందు అక్కడ ఉన్నవి జాలరి పల్లెలు. రైలు వచ్చాక రాజకుటుంబీకులు బంగళాలు కట్టుకున్నారు, 1923లో రైల్వే హోటల్ వెలిసింది, ఆ తర్వాత అప్పటి థాయ్ రాజు, ఏడవ రామ, వేసవి భవనం కట్టించుకున్నారు. 1932 జూన్‌లో బ్యాంకాక్‌లో రాజు నిరంకుశ పాలనకు ముగింపు పలికిన విప్లవం జరిగినప్పుడు ఆయన ఉన్నది ఈ ఊళ్లోనే.

హువా హిన్ పాత స్టేషన్ ఎరుపు, మీగడ రంగుల చెక్క కట్టడం. పక్కనే రాజు రైలు కోసం ఎదురుచూసిన చిన్న మండపం. 2023 చివర్లో పైన వంతెన మీద కొత్త స్టేషన్ తెరిచారు, పాతదాన్ని చెక్కు చెదరకుండా కింద అలాగే ఉంచారు. మావయ్యగారిని అక్కడ కాసేపు కూర్చోబెట్టండి, సంతోషిస్తారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. బ్యాంకాక్‌లో ఎక్స్‌ప్రెస్ రైళ్లన్నీ 2023 జనవరి నుంచి క్రుంగ్ థెప్ అఫివాట్ అనే కొత్త టెర్మినల్ నుంచి బయల్దేరుతున్నాయి. పాత బ్లాగుల్లో హువా లంఫోంగ్ అని ఉంటుంది. టికెట్ మీద స్టేషన్ పేరు చూసుకుని టాక్సీ ఎక్కండి. హువా హిన్‌కు మూడు నాలుగు గంటలు, అక్కడి నుంచి ప్రచువాప్‌కు ఇంకో గంటన్నర. కుయ్ బురి దాకా కుడివైపు కిటికీలో కొండలు, ఎడమవైపు సున్నపురాయి గుట్టలు, మధ్యలో అనాస తోటలు. ఏసీ పెట్టె కన్నా ఫ్యాను పెట్టెలో కిటికీ తెరుచుకుని కూర్చుంటేనే ఆ దారి అందం తెలుస్తుంది.

కాకినాడ కెరటం
విమానం దిగి నేరుగా వెళ్లాలంటే? మళ్లీ బ్యాంకాక్ ఊళ్లోకి వెళ్లి రైలెక్కడం పెద్దవాళ్లకు కష్టం కదా.

బ్యాంకాక్ తెలుగు
సువర్ణభూమి విమానాశ్రయం నుంచి హువా హిన్‌కు నేరుగా బస్సుంది. ఐదుగురున్నారు కాబట్టి వ్యాన్ మాట్లాడుకున్నా గిట్టుబాటే. వెళ్లేటప్పుడు అలా వెళ్లి, తిరిగొచ్చేటప్పుడు రైలెక్కండి. ఇంకోటి, థాయ్‌లాండ్ వెళ్లేవాళ్లందరూ 2025 మే నుంచి ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. దిగే రోజుకు మూడు రోజుల ముందు నుంచే అది తెరుచుకుంటుంది, రుసుము ఏమీ లేదు. డబ్బులడిగే వెబ్‌సైట్ కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు, వెంటనే మూసేయండి.

నడక నేస్తం
ఎవరూ ఇంకా ప్రయా నఖోన్ గుహ గురించి చెప్పలేదేంటి! ఈ ప్రావిన్స్‌కు వెళ్లి అది చూడకుండా రావడం నాకైతే మనసొప్పదు.

సామ్ రోయ్ యోట్ జాతీయ వనం 1966లో ఏర్పడింది. థాయ్‌లాండ్‌లో సముద్రతీరాన ఏర్పడిన మొదటి జాతీయ వనం అదే. చదునైన బురద నేలలోంచి సున్నపురాయి కొండలు నిటారుగా లేచి ఉంటాయి, వాటిలో ఎత్తైనది 605 మీటర్లు. గుహకు వెళ్లాలంటే బాంగ్ పూ అనే పల్లె దగ్గర దిగాలి. అక్కడి నుంచి రెండు దారులు. ఒకటి కొండ చుట్టి వెళ్లే పడవ, రెండోది కొండ మీదుగా అరగంట నడక. రెండూ లేమ్ సాలా అనే చిన్న తీరానికి చేరుస్తాయి. అసలు ఎక్కుడు అక్కడి నుంచి మొదలు. దూరం 430 మీటర్లే కానీ అంతా రాళ్ల మెట్లే, కొన్నిచోట్ల మెట్టుకు మెట్టుకు మధ్య మోకాలెత్తు ఉంటుంది. బూట్లు వేసుకోండి, చెప్పులతో కాలు జారుతుంది.

పైకెక్కాక గుహలోకి దిగుతారు. గుహ పైకప్పు ఏనాడో కూలిపోయి ఆకాశం కనిపిస్తుంది. ఆ కంతలోంచి దిగిన వెలుతురులో గుహ లోపలే చెట్లు పెరిగాయి. వాటి మధ్య ఎత్తైన మట్టిదిబ్బ మీద నాలుగు ముఖాల చిన్న మండపం. 1890లో ఐదవ రామ రాజు చులలాంగ్‌కోర్న్ వస్తున్నారని బ్యాంకాక్‌లో తయారుచేసి, ముక్కలుగా తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. ఉదయం పదిన్నర, పదకొండున్నర మధ్య ఎండ సరిగ్గా ఆ మండపం మీద పడుతుంది. మిగతా గుహంతా నీలంగా చీకటి, ఆ ఒక్క మండపం బంగారంలా వెలుగుతుంది. ఆ వేళకు లోపల ఉండాలంటే హువా హిన్‌లో ఏడింటికల్లా బయల్దేరాలి. తర్వాత వచ్చిన రాజులు కూడా ఈ గుహకు వచ్చారు, ఐదవ, ఏడవ రాజుల పొడి అక్షరాలు గుహ గోడ మీద ఇప్పటికీ ఉన్నాయి.

అత్తయ్యగారికి మాత్రం ఈ ఎక్కుడు వద్దండి. ఆమెను పడవలో లేమ్ సాలా దాకా తీసుకెళ్లొచ్చు, సరుగుడు చెట్ల నీడలో కూర్చోవడానికి చక్కగా ఉంటుంది. పడవకు రేవు లేదు, మోకాళ్ల దాకా నీళ్లలో నడిచి ఎక్కాలి. చీర కాకుండా ఏదైనా తేలిక బట్టలు వేసుకోమనండి. విదేశీయులకు ప్రవేశ రుసుము పెద్దలకు 200 బాత్ తీసుకున్నారు.

పిట్టల చెట్టు
అదే వనంలో పడమటి వైపు తుంగ్ సామ్ రోయ్ యోట్ అనే మంచినీటి చిత్తడి నేల ఉంది. గుహ చూసినవాళ్లలో చాలామంది ఇటు రానే రారు. చిత్తడి నేలలకిచ్చే అంతర్జాతీయ రామ్‌సర్ గుర్తింపు ఉన్న నేల అది. నీళ్ల మీద చెక్క వంతెన, దాని మీద నడుస్తుంటే రెండు వైపులా రెల్లు, తామరలు, వెనక కొండల గోడ. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు కూడా హాయిగా తిరగొచ్చు. ఊరివాళ్లే గడకర్రతో నడిపే చిన్న పడవలున్నాయి. ఫిబ్రవరి అంటే వలస పక్షులు ఇంకా వెళ్లిపోని కాలం. ఊదా కొంగలు, నామాల కోళ్లు, జకానాలు నీళ్ల మీద ఆకుల్లోనే తిరుగుతుంటాయి. కొల్లేరు చూసినవాళ్లకు ఇక్కడి బాధ కూడా అర్థమవుతుంది. ఈ వనం అంచుల్లోని చిత్తడి నేలలు చాలావరకు రొయ్యల చెరువులైపోయాయి. పడమర వైపు వెళ్తుంటే చెరువుల గట్లు, ఏరేటర్లు కనిపిస్తూనే ఉంటాయి. ప్రాన్‌బురి నది ముఖంలో మాత్రం వదిలేసిన రొయ్యల చెరువుల్లో మళ్లీ మడ చెట్లు నాటారు. ఇప్పుడది దట్టమైన మడ అడవి, లోపలికి చెక్క బాట వేశారు. మన తీరంలో రొయ్యల సాగు చేసేవాళ్లు ఒక్కసారి దాన్ని చూడాలని నా కోరిక.

ఉదయం ఆరున్నరకు ఆ చిత్తడి నేల దగ్గర ఉండండి. తొమ్మిది దాటితే ఎండకు పక్షులూ ఉండవు, మీరూ ఉండలేరు.

గుంటూరు మాస్టారు
అమ్మా, నేను భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ని. ప్రచువాప్ పట్టణానికి సుమారు పన్నెండు కిలోమీటర్లు దక్షిణంగా వా కో అనే ఊరుంది. అక్కడికి పాపను తప్పకుండా తీసుకువెళ్లండి. మన వాళ్లు ఎవరైనా ఆ ప్రావిన్స్‌కు వెళ్తే ఆ ఊరి కథ తెలిసి వెళ్లాలి.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. ఆ నీడ ఏడెన్ వైపు నుంచి వచ్చి మన దేశం మీదుగా, బంగాళాఖాతం దాటి, సయాం (థాయ్‌లాండ్ పాత పేరు) మీదకు వెళ్లింది. ఆ రోజు పొద్దున గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ తన వర్ణపటదర్శినితో సూర్యుడి అంచున లేచే జ్వాలలను చూశాడు. గుంటూరులోనే ఇంగ్లిషు వారి బృందం ఒకటి టెన్నంట్ నాయకత్వంలో ఉంది. మద్రాసు వేధశాల నుంచి పాగ్సన్ మచిలీపట్నం వచ్చి చూశాడు. ఆ గ్రహణంలో కనిపించిన ఒక పసుపు గీత అప్పటికి తెలిసిన ఏ మూలకానికీ సరిపోలేదు. దాని గుట్టు తర్వాత లాక్యర్ విప్పాడు. అదే హీలియం. భూమి మీద దొరక్కముందే సూర్యుడిలో దొరికిన మూలకం.

గుంటూరును దాటిన ఆ నీడే గంటన్నర లోపే వా కో మీద పడింది. అక్కడ దానికోసం ఎదురుచూస్తున్నది సయాం రాజు మోంగ్‌కుట్. సింహాసనం ఎక్కకముందు 27 ఏళ్లు భిక్షువుగా ఉండి, ఖగోళశాస్త్రం, ఇంగ్లిషు, లాటిన్ నేర్చుకున్న మనిషి. గ్రహణం ఎక్కడ, ఎప్పుడు సంపూర్ణంగా కనిపిస్తుందో స్వయంగా లెక్క కట్టి, అడవిలో విడిది కట్టించి, ఫ్రెంచి శాస్త్రవేత్తలనూ, సింగపూర్ నుంచి బ్రిటిష్ గవర్నరునూ పిలిపించాడు. లెక్క తప్పలేదు. కానీ ఆ చిత్తడి అడవిలో మలేరియా పట్టుకుని అక్టోబరు 1న మరణించాడు. వెంట వచ్చిన కొడుకుకూ జ్వరం వచ్చింది, బతికి పదిహేనేళ్లకే రాజయ్యాడు. ఆయనే చులలాంగ్‌కోర్న్. పైన ఒకరు చెప్పిన గుహ మండపం ఆ కుర్రవాడి కోసం కట్టిందే, 22 ఏళ్ల తర్వాత.

ఇప్పుడు వా కోలో మోంగ్‌కుట్ పేరున సైన్స్ పార్కు, ఆయన విగ్రహం, చేపల అక్వేరియం ఉన్నాయి. ఆగస్టు 18ని థాయ్‌లాండ్‌లో జాతీయ సైన్స్ దినంగా జరుపుకుంటారు. గుంటూరులో ఆ గ్రహణం గుర్తుగా అలాంటిది ఒక్కటి కట్టుకోవాలన్నది నా చిరకాల కోరిక.

కాకినాడ కెరటం
మాస్టారూ, ఇది చదివి మావయ్య లేచి కూర్చున్నారు! ఆయన కూడా బడిపంతులే. వా కో ఖాయం. అంటే ప్రచువాప్ పట్టణంలో ఉండక తప్పదన్నమాట. అక్వేరియం పిల్లలకు బాగుంటుందా?

గుంటూరు మాస్టారు
బాగుంటుందమ్మా. గాజు సొరంగంలో నడుస్తుంటే తల మీదుగా చేపలు వెళ్తాయి. అంతా చదునే, మెట్ల బాధ లేదు. ఆరుబయట ఎండ ఎక్కువ, పొద్దున్నే వెళ్లి పదకొండుకల్లా బయటపడండి.

బ్యాంకాక్ తెలుగు
పట్టణం గురించి చెప్తాను. రైలు స్టేషన్ నుంచి సముద్రం దాకా నడిచి వెళ్లొచ్చు. గుర్రపు నాడా ఆకారంలో అఖాతం, రెండు కొసలా కొండలు, నీళ్లలో నిలబడ్డ చిన్న దీవులు. శుక్ర, శనివారాల సాయంత్రాలు తీరం వెంబడి సంత పెడతారు. మీ రోజులు ఆ రెండింటిలో ఒకటి తగిలేలా చూసుకోండి. చీకటి పడ్డాక దూరంగా ఆకుపచ్చ దీపాల వరస కనిపిస్తుంది, అవి స్క్విడ్‌లు పట్టే పడవలు. మర్నాడు ఆ స్క్విడ్డే తీరం వెంట తడికల మీద ఎండుతుంటుంది. మాంసాహారులకు ఇక్కడి వంజరం ముక్క, ఉప్పు చేప వేపుడు తినకపోతే వచ్చిన పని సగమే.

ఊరికి దక్షిణాన ఆవ్ మనావ్ అఖాతం ఉంది. వాయుసేన స్థావరం లోపల ఉంటుంది. గేటు దగ్గర పేరు రాసి లోపలికి వెళ్లాలి, దారి రన్‌వేను దాటుకుని వెళ్తుంది. నీళ్లు లోతు లేవు, అలలు లేవు. థాయ్ కుటుంబాలు ఒంటినిండా బట్టలతోనే స్నానాలు చేస్తాయి, కాబట్టి మన ఆడవాళ్లకు ఏ ఇబ్బందీ అనిపించదు. నీడలో కుర్చీలు అద్దెకిస్తారు. అత్తయ్యగారికి ఒక పూటంతా అక్కడే గడిచిపోతుంది.

1941 డిసెంబరు 8న జపాన్ సైన్యం దిగిన చోట్లలో ఈ తీరం ఒకటి. ఇక్కడి కొద్దిమంది వాయుసైనికులు, వాళ్ల కుటుంబాలు మర్నాటి మధ్యాహ్నం దాకా పోరాడారు. బ్యాంకాక్ నుంచి ఆపేయమని ఆజ్ఞ వచ్చాకే ఆగారు. లోపల స్మారకం, చిన్న మ్యూజియం ఉన్నాయి.

పిట్టల చెట్టు
ఆవ్ మనావ్ చివర ఖావో లోమ్ ముయాక్ కొండ కింద కళ్లజోడు పెట్టుకున్నట్టు కళ్ల చుట్టూ తెల్లటి వలయాలుండే లంగూర్లు ఉంటాయి. పిల్లలు పుట్టినప్పుడు నారింజ రంగులో ఉంటాయి, పెరిగేకొద్దీ బూడిద రంగుకు తిరుగుతాయి. చాలా సాధువైన జంతువులు. దయచేసి వాటికి ఏమీ పెట్టకండి. అవి ఆకులు తిని బతికే జాతి, వాటి పొట్ట అందుకే తయారైంది. వేరుశనగలు, బ్రెడ్డు పెట్టి జనం వాటిని చెట్టు దింపేస్తున్నారు. చేతిలో ఏమీ లేకుండా నిశ్శబ్దంగా కూర్చుంటే అవే దగ్గర్లోకి వస్తాయి, పాపకు అది చాలు.

ఊరి ఉత్తరాన ఖావో చోంగ్ క్రచోక్ గుట్ట మీద ఉండేవి మాత్రం మామూలు కోతులు. 396 మెట్లు, పైన గుడి, మూడు అఖాతాలూ ఒకేసారి కనిపించే చోటు. సంచి, కళ్లజోడు, నీళ్ల సీసా చేతిలో కనిపించకూడదు.

నడక నేస్తం
కుయ్ బురి ఎవరైనా చెప్తారేమోనని చూస్తున్నాను. అడవి ఏనుగులను గుంపులుగా చూడాలంటే థాయ్‌లాండ్‌లో ఇంతకన్నా మంచి చోటు నాకు తెలియదు. మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా ఊరివాళ్ల పికప్ వ్యాన్లలో లోపలికి తీసుకెళ్తారు, వెంట గైడు ఉంటాడు. గడ్డి మైదానం ఎదురుగా గుట్ట మీద నిలబడి చూడటమే. అడవి దున్నలు కూడా వస్తాయి.

పిట్టల చెట్టు
ఆ పికప్‌లు నడిపేవాళ్లలో అనాస రైతులున్నారని కూడా చెప్పండి. ప్రచువాప్ అంటేనే అనాస. 1990లలో అడవి అంచు దాకా తోటలు వేశారు, ఏనుగులు తోటల మీద పడ్డాయి, విషం పెట్టి, తుపాకులతో కాల్చి చంపారు. భూమిబల్ రాజు జోక్యం చేసుకున్నాక ఆ భూముల్లో కొంత తిరిగి అడవికి ఇచ్చి, గడ్డి పెంచి, నీటి గుంటలు తవ్వారు. 1999లో జాతీయ వనం అయింది. 2021లో యునెస్కో గుర్తించిన కేంగ్ క్రచాన్ అడవుల సముదాయంలో కుయ్ బురి కూడా ఒక భాగం. చిత్తూరు, పార్వతీపురం వైపు ఏనుగులతో నష్టపోతున్న రైతులను చూసినవాణ్ని కాబట్టి ఇది నాకు చాలా పెద్ద విషయం. ఏనుగును చూపించి రైతు సంపాదించుకోగలిగితే, ఆ ఏనుగు బతుకుతుంది.

ఖమ్మం కోడలు
సరే, ఓడిపోయాను, ప్రచువాప్‌లోనే ఉండండి చెల్లీ. మరి మావగారి తిండి సంగతి నేను చెప్తాను. వాళ్ల కూరల్లో చేపల పులుసునీరు, రొయ్యల ముద్ద కనిపించకుండా కలిసిపోతాయి. "మాంసం లేకుండా" అంటే సరిపోదు. "జే" అని అడగాలి. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలున్న కొట్లు కనిపిస్తే అవి జే భోజనశాలలు, అక్కడ గుడ్డు, పాలు కూడా ఉండవు. మామూలు హోటల్లో అయితే "చేప నీళ్లు వద్దు, గుడ్డు వద్దు" అని థాయ్‌లో రాయించుకున్న చీటీ ఫోన్‌లో పెట్టుకో. చిన్న రైస్ కుక్కర్, పచ్చడి, కందిపొడి తీసుకెళ్లు. పెరుగు చిన్న దుకాణాల్లో కూడా దొరుకుతుంది కానీ చాలావాటిలో చక్కెర ఉంటుంది, చూసి కొను. అనాస, కొబ్బరి బొండాలు, అరటిపండ్లకు కొదవే లేదు.

రైలు ప్రేమి
ఒకరోజు మిగిలితే బాన్ క్రూట్. రైలు దిగితే కొబ్బరి తోటలు, పొడవాటి ఖాళీ తీరం. కొండ మీద తొమ్మిది శిఖరాల పెద్ద చేది (బౌద్ధ స్తూపం) ఉన్న వాట్ తాంగ్ సాయి గుడి. పైదాకా కారు వెళ్తుంది కాబట్టి అత్తయ్యగారు కూడా చూడొచ్చు.

కాకినాడ కెరటం
ఇప్పుడు ఇలా అనుకుంటున్నాను. మొదటి రాత్రి హువా హిన్, పాత స్టేషన్, సాయంత్రం తీరం. మర్నాడు వ్యాన్‌లో ప్రచువాప్ వెళ్తూ దారిలో సామ్ రోయ్ యోట్. నేను, ఆయన, పాప గుహకు, పెద్దవాళ్లు లేమ్ సాలాలో. తర్వాత వా కో ఒక పూట, ఆవ్ మనావ్ ఒక పూట, కుయ్ బురి ఒక మధ్యాహ్నం. తిరుగు ప్రయాణం రైల్లో. చిత్తడి నేల పొద్దున్నే అంటున్నారు, అదొక్కటే ఎక్కడ ఇరికించాలో తోచడం లేదు.

పిట్టల చెట్టు
కుయ్ బురి రోజునే పెట్టుకోండి. పొద్దున చిత్తడి నేల, పదింటికి ఊళ్లో భోజనం, కాస్త విశ్రాంతి, రెండింటికి ఏనుగులు. రెండూ ఒకే వైపు, దారి కలిసొస్తుంది.

నడక నేస్తం
పాప కాళ్లు చిన్నవి, గుహ మెట్ల దగ్గర మీ ఆయన్ను ముందు నడవమనండి, మీరు వెనక ఉండండి. పైకి వెళ్లేటప్పటికన్నా దిగేటప్పుడే ఎక్కువ జారుతుంది. మనిషికి ఒక లీటరు నీళ్లు.

బ్యాంకాక్ తెలుగు
వ్యాన్ మాట్లాడేటప్పుడు ఒక్క విషయం. సామ్ రోయ్ యోట్‌లో ఎన్ని గంటలు ఆగుతుందో, డీజిల్ కలిపి రేటో కాదో ముందే ఫోన్‌లో రాయించుకోండి. మా వాళ్లకు ఒకసారి దారిలో ఆపి అదనంగా అడిగారు, రాతలో ఉంది కాబట్టి గొడవ లేకుండా సర్దుకుంది. మీ తేదీలు ఖాయమయ్యాక ఇక్కడ పెట్టండి. ఆ శనివారం నాకూ సెలవైతే ప్రచువాప్ సంతలో కలుద్దాం, మావయ్యగారికి జే దుకాణం నేనే చూపిస్తాను.